గీత మీదికి రాని చుక్క

శ్రీవారి దివ్య సముఖానికి,

మీరు పంపిన పట్టికా, దాని కింద మీరు గీసిన బొమ్మా నిన్న మధ్యాహ్నం అందాయి. "మీరు" అన్నానని ఉలిక్కిపడకండి. కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్న రోజుల నుంచీ మీరు నాకు "నువ్వు". ఒళ్ళు మండినప్పుడు మాత్రమే "మీరు". పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ గౌరవం మీకు ఏ రెండుసార్లో మూడుసార్లో దక్కి ఉంటుంది. ఈసారి మాత్రం చాలా కాలం దక్కేలా ఉంది.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని మెసేజ్ మీద మెసేజ్ పెడుతున్నారు. ఎత్తితే ఏమవుతుందో నాకు తెలుసు. నేను నోరు తెరవగానే "ఒక్క నిమిషం, నేను చెప్పేది విను" అంటారు. ఆ ఒక్క నిమిషం గంటవుతుంది. చివరికి తప్పు నాదేనేమోనని నాకే అనుమానం వస్తుంది. ఉత్తరంలో ఆ బాధ లేదు. మీరు మధ్యలో దూరలేరు. ఆఖరి దాకా నోరు మూసుకుని చదవాల్సిందే.

మీకు తెలిసిన సంగతే అయినా మళ్ళీ రాస్తాను. తెలిసిన మనిషిలా మీరు ప్రవర్తించలేదు కాబట్టి. మీ అమ్మగారి ఊళ్ళో ఈ తారు రోడ్డు వేసిన కొత్తల్లో మీరు ఒక లెక్క కట్టారు. ఇన్ని బస్సులు, ఇన్ని లారీలు, ఇంత ఎండ, ఇంత వాన తగిలితే ఎనిమిదేళ్ళకి చక్రాలు నడిచే చోట ఇంత లోతు గాడి పడుతుంది అన్నారు. ఆ లెక్క వల్లే ఆఫీసులో మీకు జోస్యుడని పేరొచ్చింది. ఇప్పుడు ఆ జోస్యం ఎంతవరకు నిజమైందో చూడమని నన్ను పంపారు. రోడ్డును పన్నెండు ముక్కలు చేసుకున్నాం. ఒక్కో ముక్కలో అడ్డంగా ఇనప పట్టీ పెట్టి, పట్టీకీ తారుకీ మధ్య ఉన్న సందులో కొలత చెక్క దూర్చి, లోతు రాసుకోవడం నా పని. లారీవాళ్ళ హారన్లు చెవిలో మోగుతుంటే, మోకాళ్ళు కాలుతుంటే, రోడ్డు మీద వంగి కూర్చుని చేశాను. మేస్త్రీ "అమ్మగారూ, రోడ్డుకి దణ్ణం పెడుతున్నారనుకుంటున్నారు జనం" అని నవ్వేవాడు.

మీ బొమ్మ ముచ్చటగా ఉంది, కాదనను. అడుగున అంచనా, నిలువున కొలత, మూల నుంచి మూలకి ఏటవాలుగా ఒక గీత. అంచనాకి కొలత సరిపోతే చుక్క వచ్చి గీత మీద కూర్చుంటుంది. మీ చుక్కలన్నీ బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా గీత వెంబడి బుద్ధిగా నిలబడ్డాయి. ఎంత బుద్ధిగా అంటే, నాకు అనుమానం వచ్చి లెక్కపెట్టాను. పదకొండే ఉన్నాయి. పన్నెండోది ఏదండీ?

ఏడో ముక్క. మార్కెట్ ముందు బస్టాపు. అక్కడ గాడి మీ అంచనాకి మూడు రెట్లు ఉంది. ఆ చుక్క గీతకి ఎంతో పైన ఒంటరిగా నిలబడాలి. దాన్ని మీరు చెరిపేశారు. పట్టిక అడుగున చీమ తలకాయంత అక్షరాలతో, "ఏడో ముక్క అసాధారణం కనుక పరిగణించలేదు" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు.

అక్కడితో ఆగినా సరిపోయేది. పట్టికలో ఆఖరి గడికి ఏం పేరు పెట్టారో ఒకసారి మీరే చదవండి. "కొలతలో తప్పు." అంచనాకీ కొలతకీ మధ్య ఉన్న తేడాకి మీరు పెట్టిన పేరు అది! అంటే మీ లెక్క ప్రకారం కుంగనందుకు తప్పు రోడ్డుది. ఉన్నది ఉన్నట్టు కొలిచినందుకు తప్పు నాది. "అంచనాలో తప్పు" అని రాయడానికి మీకు చెయ్యి రాలేదు. మూడు అక్షరాలు మార్చడానికి అంత అహం అడ్డొచ్చిందా?

నాకు ఇది కొత్తేం కాదు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు రెండేళ్ళలో మానేస్తావన్నారు. మానలేదు. "నీది మామూలు కేసు కాదులే" అన్నారు. రోడ్డు పని ఆడవాళ్ళ ఒంటికి పడదన్నారు. పడింది. "నువ్వు వేరే" అన్నారు. మీ అంచనా తప్పిన ప్రతిసారీ నేను మామూలు మనిషిని కాకుండా పోయాను. అప్పుడు అదేదో మెచ్చుకోలు అనుకుని మురిసిపోయాను, నా బుద్ధి గడ్డి తిని. మీ పట్టిక చూశాక అర్థమైంది, ఇన్నేళ్ళూ నన్ను కూడా ఏడో ముక్కలాగే అడుగున చిన్న అక్షరాల్లో పెట్టారని.

నివేదిక కింద రెండు సంతకాలు పడాలి. అంచనా వేసినవారిది ఒకటి, కొలిచినవారిది ఒకటి. రెండూ పడితే మీ లెక్క పాసైనట్టే. వచ్చే ఏడు వెయ్యబోయే కొత్త బస్సు రోడ్డంతా ఆ లెక్క ప్రకారమే, ఆ పలుచటి తారుతోనే వేస్తారు. బస్సుల కోసం వేసే రోడ్డు లెక్కలోంచి బస్సు ఆగే చోటు తీసేశారు, చూశారా మీ తెలివి! నా సంతకం పడదు. ఏడో చుక్క వెనక్కి వచ్చేదాకా పడదు.

అత్తయ్య బాగానే ఉన్నారు. మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు.

ఇట్లు,
తప్పుగా కొలిచిన మనిషి

* * *

నీకే రాస్తున్నాను,

ఈ ఒక్క ఉత్తరంలో "నువ్వు" అంటాను. కోపం తగ్గి కాదు. ఇది మీ అమ్మ సంగతి కాబట్టి.

ముందు నీ జవాబు గురించి. నాలుగు పేజీలు రాశావు, బాగుంది. బస్టాపు మామూలు రోడ్డు కాదన్నావు. కదిలే చక్రం తారును నొక్కి వదిలేస్తుంది, ఆగిన చక్రం నొక్కుతూనే కూర్చుంటుంది, ఎండకి మెత్తబడ్డ తారు ఆ బరువుకి పక్కకి పాకుతుంది, నీ లెక్క కదిలే చక్రాల కోసం కట్టింది అని నాకు పాఠం చెప్పావు. మంచి పాఠం. ఆ పాఠం నివేదికలో ఎందుకు రాయలేదు? "ఈ లెక్క బస్సు ఆగే చోట పనికిరాదు" అని పెద్ద అక్షరాలతో ఒక్క వాక్యం రాస్తే నీ సొమ్మేం పోయింది? అది రాస్తే కొత్త రోడ్డు లెక్క మళ్ళీ మొదటి నుంచి కట్టాలి, జోస్యుడి పేరు పోతుంది. అదీ అసలు సంగతి. "నువ్వు రోడ్డు పక్కన ఎక్కువ రోజులుండి రోడ్డు మీద పక్షపాతం పెంచుకున్నావు" అని కూడా రాశావు. "ఇలా గొడవ పెడతావని నేను ముందే అనుకున్నాను" అని ముగించావు. ఆ వాక్యం దగ్గర కాగితం ఉండ చుట్టి గోడకేసి కొట్టాను. అత్తయ్య అది తీసి, ఎడమ చేత్తో టేబుల్ మీద సాపు చేసి, మళ్ళీ నాకే ఇచ్చారు.

ఎడమ చేత్తో ఎందుకో చెప్తాను. చెప్పనని మాటిచ్చాను, ఇప్పుడు తప్పుతున్నాను.

మీ అమ్మ ఏడో ముక్కలో పడ్డారు. అంతకుముందు రాత్రి వాన పడి గాడి నిండా నీళ్ళున్నాయి. ఆ గాడిలో చక్రం దిగితే బస్సు ఒక పక్కకి ఒరుగుతుందని డ్రైవర్లు అంచుకి దూరంగా ఆపుతున్నారు. మెట్టుకీ కాలిబాటకీ మధ్య ఒక పెద్ద అంగ దూరం. అత్తయ్య చేతిలో కూరగాయల సంచీతో అంగ వేశారు. కాలిబాట అందలేదు. నీళ్ళ కింద లోతు ఎంతుందో పైకి తెలియదు కదా. కుడి చెయ్యి ఆన్చి పడ్డారు. మణికట్టు విరిగింది. నేను అప్పుడు తొమ్మిదో ముక్కలో పట్టీ పెట్టుకుని కూర్చుని ఉన్నాను. పండ్లమ్మే ఆమె పరిగెత్తుకొచ్చి "మీ అత్తగారు పడిపోయారమ్మా" అంటే, కొలత చెక్క చేతిలో అలాగే పట్టుకుని పరిగెత్తాను. ఆవిడ తడి చీరతో అంచు మీద కూర్చుని, అంత నొప్పిలోనూ "సంచీలో గుడ్లున్నాయి, చూడు" అన్నారు.

టెలిఫోన్ ఎక్స్చేంజీలో జీవితమంతా తీగలు కలిపిన చెయ్యి అది. ఇప్పుడు గ్లాసు పట్టుకోలేదు. తల నేను దువ్వుతున్నాను. గుండీలు నేను పెడుతున్నాను. పెట్టేటప్పుడు ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటారు. నెలన్నరలో మామూలవుతుందని డాక్టరు చెప్పాడు. నెలన్నర దాటింది, వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఆయన "నా అంచనా సరిగ్గానే ఉంది, మీ చెయ్యి అసాధారణం" అనలేదు. మళ్ళీ ఎక్స్-రే తీయించాడు. విన్నావా?

"వాడికి చెప్పావంటే నీ మొహం చూడను" అన్నారు అత్తయ్య. కొడుకు బెంగపెట్టుకుంటాడనా అని అడిగాను. "ఎందుకో నాకు తెలుసులే" అని, ఫోన్ పెట్టేసినట్టు మాట ఆపేశారు. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అని ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని చెబుతున్నది అందుకే.

నాకు కోపం ఎవరి మీదో తెలుసా? నీ మీదే. ఆవిడ పడ్డ చోటే నువ్వు పట్టికలోంచి తీసేసింది. తెలియక తీసేశావు, ఒప్పుకుంటాను. కానీ అక్కడ ఎవరో ఒకరు పడతారని తెలియాల్సింది నీకే. బస్సు ఆగే చోట దిగేది మనుషులు కాదా?

మన ఆఫీసు పెద్దాయనకి ఉత్తరం రాశాను. గురువారం ఆయన మిగతా అధికారులతో వచ్చి చూస్తానన్నారు. అందరి ముందూ ఏడో ముక్క మళ్ళీ కొలుస్తాను. నువ్వు కూడా రా. నీ అంచనా నువ్వు చెప్పు, నా కొలత నేను చెప్తాను, ఎవరిది తప్పో రోడ్డు చెబుతుంది.

కొలతమ్మ

* * *

మహారాజశ్రీ జోస్యుడు గారికి,

అభినందనలు. గెలిచారు.

బుధవారం అత్తయ్యని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. బస్సు దిగుతుంటే కాలి కింద ఏదో తేడాగా తోచింది. చూస్తే బస్టాపు ముందు నున్నగా, నల్లగా, కొత్త తారు. ఇంకా వేడి పోలేదు. రోలర్ మూల మీద తిరుగుతోంది. గాడి లేదు. నీళ్ళు లేవు. ఏమీ లేదు.

మేస్త్రీని పట్టుకుని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోతోంది. "సారు ఫోన్ చేశారమ్మా. వాళ్ళమ్మగారు ఇక్కడ పడ్డారంట కదా, పాపం. పొద్దు గూకేలోపు అయిపోవాలన్నారు. మేం అన్నం కూడా తినలేదు, చూడండి ఎంత నీట్‌గా వచ్చిందో" అన్నాడు. ఆయన్ని ఏమనను? మీ అమ్మగారి కోసం ఆకలితో పనిచేసిన మనిషిని ఏమని తిట్టను? "బాగా వేశారు" అని చెప్పి ఇంటికొచ్చాను. లోపలికొచ్చి తలుపేసుకున్నాక మాత్రం మిమ్మల్ని నోటికొచ్చినట్టు తిట్టాను. పక్కింటివాళ్ళు ఎవరితో గొడవపడుతున్నానో తెలియక కిటికీలు తెరిచి చూశారు.

గురువారం పెద్దాయన వచ్చారు. ఆయన వెనక నలుగురు. మీరు రాలేదు, రారని నాకు తెలుసు. ఏదైనా ఒకటి చెయ్యాలి కదా, పట్టీ పెట్టాను. అద్దం మీద పెట్టినట్టు కూర్చుంది. కొలత చెక్క కాదు, కాగితం కూడా దూరలేదు. "ఏదమ్మా మీ గాడి?" అన్నారు పెద్దాయన. వెనకాల ఒకాయన కిసుక్కున నవ్వాడు. నిన్ననే పూడ్చారని చెప్పాను. "ఎవరు పూడ్చమన్నారు?" అన్నారు. చెప్పలేకపోయాను. మొగుణ్ణి అందరిలో బజారున పడేయడానికి నోరు రాలేదు. ఆ క్షణంలో కూడా మిమ్మల్ని వెనకేసుకొచ్చాను, అది తలుచుకుంటే నా మీద నాకే మంటగా ఉంది. "సరేలెండి, పొరపాటు పడి ఉంటారు" అని ఆయన కారెక్కారు. నా కొలతకి ఇంతకాలానికి దక్కిన మాట అది.

ఇంటికొచ్చి చూస్తే మీ మెసేజ్. "అమ్మకి ఇక భయం లేదు. నువ్వు చెప్పింది నిజమే, అక్కడ బాగుచేయాల్సిందే. ఇప్పుడు సంతోషమేనా?"

సంతోషమా? అసలు నేనేం అడిగానో మీకు తలకెక్కిందా? గుంత పూడ్చమని అడిగానా? లెక్క సరిచేయమన్నాను. మీరు లెక్క కాపాడుకోవడానికి రోడ్డునే సరిచేశారు. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఏమిటో చదువుకున్నాను గానీ, రోలర్‌తో తొక్కించి చేయడం ఇదే చూడటం. అంచనాకి సరిపోయేలా కొలతని మార్చిన మొనగాడు ప్రపంచంలో మీరొక్కరే అయి ఉంటారు. ఇప్పుడు ఏడో ముక్కని కూడా పట్టికలో చేర్చుకోవచ్చు. చుక్క గీత మీదికి వచ్చేసింది.

పైగా అది మీ అమ్మ మీద ప్రేమతో చేశారు. అదే నాకు మింగుడుపడనిది. దుర్మార్గంతో చేసి ఉంటే మిమ్మల్ని వదిలేయడం ఎంత తేలిక! ప్రేమతో చేసి నా నోట మట్టి కొట్టారు. మరి గురువారం సంగతి మీకు ముందే తెలుసు కదా, నేనే రాశాను కదా. శుక్రవారం పూడిస్తే మీ అమ్మ చెయ్యి ఇంకా విరిగేదా? ఆ బుధవారం ఎక్కడి నుంచి వచ్చిందో మీరే చెప్పాలి.

నేను తిరిగి రావడం లేదు. ఇక్కడే ఉంటాను. నా కొలతలన్నీ నా పేరుతో విడిగా పెద్దాయనకి పంపుతాను. నవ్వితే నవ్వనీ. మీ నివేదికలో కొలిచినవారి దగ్గర సంతకం ఖాళీగానే ఉంటుంది. మీ బట్టలు, పుస్తకాలు, ఆ ఇల్లు, అన్నీ మీ దగ్గరే ఉంచుకోండి. నాకు నా ఇనప పట్టీ చాలు.

అత్తయ్య ఈ ఉత్తరం చదివారు. తన కాగితం కూడా ఇందులో పెట్టమన్నారు. పెడుతున్నాను.

ఇట్లు,
పొరపాటు పడ్డ మనిషి

* * *

ఒరేయ్ నాన్నా,

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టు ఉంటుంది, ఓపిక చేసుకుని చదువుకో. ఒక్క పూట పట్టింది ఇంత రాయడానికి. అందుకని అనవసరమైన మాట ఒక్కటి కూడా లేదు.

నీకు చెప్పొద్దని కోడలి దగ్గర మాట తీసుకున్నాను. నువ్వు బాధపడతావని కాదురా. నువ్వేం చేస్తావో నాకు ముందే తెలుసు. చిన్నప్పుడు నాకు దెబ్బ తగిలిందంటే బల్లని కొట్టేవాడివి. ఇప్పుడూ అంతే చేశావు. అమ్మ పడిందని తెలియగానే అమ్మ పడ్డ చోటు బాగు చేయించావు. కొత్త రోడ్డు మీద ఎన్ని బస్టాపులు వస్తాయో నీకు నాకంటే బాగా తెలుసు. ఆ బస్టాపుల్లో మీ అమ్మ దిగదు. మరి వాటిని ఎవరు బాగు చేయిస్తారు?

నేను పడ్డ రోజు నా వెనకే ఇంకో అమ్మాయి దిగబోతూ ఆగిపోయింది. చంకలో పసిపిల్ల. ముందు నేను పడబట్టి ఆ పిల్ల బతికింది. ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియదు. ఆవిడకి ఇంజనీరు కొడుకు లేడు.

అమ్మాయి ఇక్కడ ఉంటే నాకు సుఖమే, తల బాగా దువ్వుతుంది. కానీ నువ్వు చేసిన పనికి అది ఊరివాళ్ళ ముందు తల దించుకుంది. ఆ తల ఎత్తుకునేలా చేసిన రోజున రా. అంతవరకు ఈ గుమ్మం తొక్కకు. ఫోన్ కూడా చేయకు, కట్ చేస్తాను. కట్ చేయడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మీ అమ్మ

* * *

నా కొలతమ్మకి,

అమ్మ ఇంటికి రెండు వీధుల అవతల, బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జిలో కూర్చుని రాస్తున్నాను. గోడకి చెమ్మ, టేబుల్‌కి ఒక కాలు పొట్టి. ఈ కాగితం మేస్త్రీ చేత పంపుతున్నాను. గుమ్మం తొక్కొద్దన్నారు కాబట్టి తొక్కలేదు.

బుధవారం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగావు. రెండు రోజులు ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వెతుక్కున్నాను. ఫోన్ చేసినప్పుడు అమ్మ తప్ప నాకు ఇంకేమీ గుర్తు లేదనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, మేస్త్రీతో "పొద్దు గూకేలోపు అయిపోవాలి" అన్నది నేనే. అమ్మ కోసమే అయితే రెండు రోజులు ఆలస్యమైనా ఏమీ కాదు. గురువారం నా తలలో ఎక్కడో ఉంది. దాని పేరు ఎత్తకుండా పని కానిచ్చాను. నన్ను దుర్మార్గుడని తిట్టలేదు నువ్వు. తిట్టాల్సింది.

అమ్మ కాగితం చదివాక పెద్దాయన దగ్గరికి వెళ్ళి, పూడ్చమన్నది నేనేనని చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఇప్పుడేం చేస్తావోయ్, ఆ గాడి మళ్ళీ ఎక్కడి నుంచి తెస్తావు?" అన్నారు. అక్కడే ఉందన్నాను.

నువ్వు కోపంలో మరిచిపోయావు గానీ, ఈ మాట నీకు తట్టకపోవడం నాకు ఆశ్చర్యమే. వాళ్ళు పాత తారు చెక్కలేదు. హడావిడి పెట్టానుగా, ఊడ్చే తీరిక కూడా లేదు. దుమ్ము మీదే కొత్త తారు పోసి తొక్కించారు. అంటే నీ గాడి కింద చెక్కు చెదరకుండా ఉండాలి. ఇవాళ పొద్దున యంత్రం పెట్టించి, బస్టాపు ముందు రోడ్డును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా కోయించాను. మేస్త్రీ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "మొన్న అన్నం తినకుండా వేయించారు, ఇవాళ టీ తాగకుండా కోయిస్తున్నారు. ఒక మాట మీద ఉండండి సార్" అన్నాడు. పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నారు. ఆ రోజు కిసుక్కున నవ్వినాయన కూడా ఉన్నాడు. ఈసారి నవ్వలేదు.

కోసిన గోడ మీద అంతా కనబడుతోంది. పైన కొత్త తారు నల్లగా, కింద పాత తారు, రెండింటి మధ్య దుమ్ము సన్నని బూడిద గీతలా. ఆ గీత రెండు చక్రాల చోటా కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది. కింద కంకర పొర తిన్నగానే ఉంది, మట్టి కూడా కదల్లేదు. తారు ఒక్కటే పక్కకి పాకింది. ఆగిన బస్సుల బరువుకే. నీకు నాలుగు పేజీలు పాఠం చెప్పి, నా లెక్కలో మాత్రం పెట్టని సంగతి అది. పెద్దాయన గోతిలోకి వంగి చూసి, "ఆ అమ్మాయికి నేను క్షమాపణ చెప్పాలి" అన్నారు. కొత్త రోడ్డు పని ఆపమని అక్కడి నుంచే ఫోన్ చేశారు. నా లెక్క పక్కన పెట్టారు. మళ్ళీ మొదటి నుంచి కట్టాలి, ఈసారి ఆగే బస్సులతో కలిపి. ఆఫీసులో ఇంక నన్ను జోస్యుడు అనరు. ఏమంటారో తెలియదు, ఊహించడం మానేశాను.

పట్టిక తిరగ రాశాను, ఇందులో పెట్టాను. పన్నెండు చుక్కలున్నాయి. ఏడోది నువ్వు చెప్పినట్టే గీతకి ఎంతో పైన, ఒంటరిగా ఉంది. ఆఖరి గడి పేరు "అంచనాలో తప్పు". రాసేటప్పుడు చెయ్యి వణికిందని అబద్ధం చెప్పను. తేలిగ్గానే రాశాను. ఇంత తేలికని ముందే తెలిస్తే బాగుండేది.

గోతిలో గాడి లోతు నేను కొలవలేదు. పెద్దాయన కొలవమన్నారు, నేనే వద్దన్నాను. అది కొలిచే హక్కు నీది. పైగా నా చేత్తో కొలిస్తే నువ్వు నమ్మవు, నమ్మకూడదు కూడా. రేపు సాయంత్రం దాకా గోతి తెరిచి ఉంచుతాను, చుట్టూ తాళ్ళు కట్టి, దీపాలు పెట్టించి, మనిషిని కాపలా ఉంచాను. బస్సులు ఆ పక్క వీధిలో ఆగుతున్నాయి. అక్కడ ఎవరూ పడకుండా మెట్టు వేయించాను.

తిరిగి రమ్మని అడగను. ఆ మాట అడిగే ముఖం లేదు. ఒకే ఒక్కటి. నీ చివరి ఉత్తరంలో "మీరు" అన్న మాటలన్నీ ఏరి చూసుకున్నాను. ఒక్కొక్కటీ చెంపదెబ్బ. తిట్టు, ఇంకా గట్టిగా తిట్టు, కానీ "నువ్వు" అని తిట్టు.

నీ,
తప్పిన అంచనా

* * *

మేస్త్రీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, అందుకని గబగబా రాస్తున్నాను.

రేపు పొద్దున్నే వస్తాను. ఇనప పట్టీ బరువు, వచ్చి మోసుకెళ్ళు. గుమ్మం దాకానే. అత్తయ్యని అడిగితే "ముందు కొలవనీ, తర్వాత చూద్దాం" అన్నారు. నాకు కోపం ఇంకా అలాగే ఉంది, తగ్గిందని సంబరపడకు.

గోతిలోకి నేను దిగుతాను. లోతు నేను చెప్తాను, నువ్వు రాయి. ఎంత వస్తుందో మాత్రం ముందే చెప్పకు.

కొలతమ్మ